ఖాతా పేమాస్టర్ పేరున, సొమ్ము సైన్యానిది

పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటన్‌లో సైన్యం జీతాలు పంచే పేమాస్టర్ పదవికి పెద్దపెద్దవాళ్లు పోటీపడేవారు. జీతం కోసం కాదు. ఖజానా నుంచి వచ్చే సొమ్ము పదవి పేరున కాక పేమాస్టర్ సొంత పేరున జమయ్యేది.

1661లో ఈ పదవిలో కూర్చున్న తొలి మనిషి స్టీఫెన్ ఫాక్స్. రాజుగారి ఖజానా నుంచి డబ్బు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది. ఫాక్స్ తన పరపతి మీద అప్పు తెచ్చి వేళకు జీతాలిచ్చి, పౌండుకు షిల్లింగ్ చొప్పున, అంటే నూటికి అయిదు, కోసుకునేవాడు. తర్వాత ఆ సొమ్ము చెల్సీలోని వృద్ధ సైనికుల ఆశ్రమానికి మళ్లిందే గానీ, కోత ఆగలేదు.

మామూలు కాల్బలం సైనికుడి లెక్క ఇదీ (12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండు): రోజుకు 8 పెన్నీలు, ఏడాదికి 12 పౌండ్ల 3 షిల్లింగుల 4 పెన్నీలు. రోజూ 6 పెన్నీలు తిండికి పోతాయి. మిగతా 2 పెన్నీలు విడిగా పెడతారు. ఏడాదికి 3 పౌండ్ల 10 పెన్నీలు. మొత్తం జీతం మీద కోత 12 షిల్లింగుల 2 పెన్నీలు, చెల్సీకి ఒక రోజు జీతం 8 పెన్నీలు, రెండూ ఇందులోంచే. మిగిలిన 2 పౌండ్ల 8 షిల్లింగులు బట్టలు కుట్టించడానికి కర్నల్‌కు వెళ్లేవి.

అసలు లాభం నిల్వలో ఉండేది. పంచేదాకా సొమ్మును వడ్డీకి తిప్పుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. పదవి దిగినా తుది లెక్క తేలేదాకా పాత నిల్వ పాతాయన దగ్గరే. కొత్తాయన కొత్త ఖాతా తెరుస్తాడు. ఇక తనిఖీ త్వరగా ముగియాలని ఎవరికుంటుంది? 1746లో వచ్చిన విలియం పిట్ వడ్డీ ముట్టనని నిల్వను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంచాడు. జనం మెచ్చుకున్నారు, పద్ధతి మారలేదు. స్టీఫెన్ కొడుకు హెన్రీ ఫాక్స్ 1757 నుంచి 1765 దాకా, ఏడేళ్ల యుద్ధపు సొమ్మంతా పారిన కాలంలో, పేమాస్టర్. 1774లో చనిపోయేనాటికీ ఆయన లెక్క తేలలేదు.

పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ తెచ్చిన 1782 చట్టం సరిగా నడవక 1783లో మళ్లీ రాశారు. సొమ్ము బ్యాంకులో పదవి పేరున ఉండాలి, ఏ పద్దుకో చెప్పి తీయాలి, మనిషి మారితే నిల్వ వారసుడికి చేరాలి. పేమాస్టర్‌కు ఇక ఏటా 4,000 పౌండ్ల జీతమే. 1836లో ఈ పదవి నౌకాదళ, ఆయుధశాఖ ఖజానాదారుల పదవులతో కలిసి పేమాస్టర్ జనరల్ అయింది.