సముద్రంలో ఒలికిన చమురు: కొన్ని అపోహలు - వాస్తవాలు

సముద్రంలో చమురు ఒలికితే అది రేపటికి ఏ తీరానికి చేరుతుందో కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టి, శుభ్రం చేసే బృందాలకు చెప్పడం నా పని. అక్కడ తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: గాలి ఎటు వీస్తే చమురు తెట్టు అటే పోతుంది.

వాస్తవం: గాలి తన వేగంలో దాదాపు 3 శాతం వేగంతోనే తెట్టును లాగుతుంది. నీటి ప్రవాహం మాత్రం తన పూర్తి వేగంతో మోసుకుపోతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తున్నా దాని వాటా 0.3 మీటర్లే. ఆటుపోట్ల ప్రవాహం అంతకు మించితే తెట్టు గాలికి ఎదురుగా కూడా నడుస్తుంది.

అపోహ: బూమ్ (నీటిపై తేలే అడ్డుకట్ట) అడ్డంగా కడితే చమురు ఆగిపోతుంది.

వాస్తవం: బూమ్‌కు ఎదురుగా వచ్చే ప్రవాహం సెకనుకు సుమారు 0.35 మీటర్లు దాటితే చమురు కింది నుంచి జారిపోతుంది. అక్కడ ఏటవాలుగా కట్టి, చమురును నిదానంగా ఉన్న నీటివైపు మళ్లించాలి. ఎంత ఏటవాలు అన్నది ప్రవాహం లెక్క లేకుండా చెప్పలేం.

అపోహ: మోడల్ గీసిన గీత మీదే తెట్టు వెళుతుంది.

వాస్తవం: మేమిచ్చేది గీత కాదు, అవకాశం ఉన్న ప్రాంతం. విమానం నుంచి చూసినవాళ్లు తెట్టు ఎక్కడుందో చెప్పగానే అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలుపెడతాం.

అపోహ: చమురు నీటికన్నా తేలిక కాబట్టి మునగదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా టెన్షన్ ఇక్కడే. ఉప్పునీటి సాంద్రత సుమారు 1.025, ఇసుకది 2.65. సాంద్రత 0.98 ఉన్న బరువైన చమురులో ఘనపరిమాణం లెక్కన 3 శాతం ఇసుక కలిసినా చాలు, అది మునుగుతుంది. అలలు విరిగేచోట ఇసుక ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది కదా!

2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్ ప్రమాదం తర్వాత జరిగింది అదే. తీరానికి చేరిన చమురు ఇసుకతో కలిసి, ఒడ్డు పక్కన నీటి అడుగున చాపల్లా పరుచుకుంది. వాటిపై ఇసుక మేట వేసింది. ఒడ్డు శుభ్రంగా కనిపించింది. 2012లో ఐజాక్ తుఫాను ఆ ఇసుకను కోసేయగానే తారు మళ్లీ బయటపడింది. ఉపరితల ప్రవాహాలు మాత్రమే తెలిసిన మోడల్‌కు ఇది అందదు, ఇసుక కదలిక కూడా తెలియాలి. అందుకే పని ముగిసిందని బృందం సర్దుకునేముందు, ఒడ్డుకు, నీటిలోని ఇసుక తిన్నెకు మధ్యనున్న పల్లంలో తవ్వి చూడమని పట్టుబడతాను.