అరెకా పామ్ ఆకులు మాడుతున్నాయా? అపోహలు – వాస్తవాలు

ఇళ్లలోనూ కార్యాలయాల్లోనూ కుండీ మొక్కల సంరక్షణ చూడడం నా వృత్తి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో అరెకా పామ్‌దే అగ్రస్థానం. పేరులో అరెకా ఉన్నా ఇది మన పోకచెట్టు కాదు, మడగాస్కర్ నుంచి వచ్చిన మొక్క. ఆకు మాడి చచ్చిన మొక్కలకంటే, మాడిందన్న కంగారులో చేసిన వైద్యానికి చచ్చినవే నేను ఎక్కువగా చూశాను.

అపోహ: ఆకు ఎండుతోందంటే నీళ్లు చాలడం లేదు.

వాస్తవం: వేరు కుళ్లినా ఆకు అచ్చం అలాగే ఎండుతుంది, ఎందుకంటే కుండీ నిండా తడి ఉన్నా దాన్ని పైకి పంపే వేరు మిగలదు. నర్సరీ మొక్క తరచుగా బంకమట్టి గడ్డతో వస్తుంది. ఆ గడ్డను అలాగే పెద్ద కుండీలో దించి చుట్టూ కొబ్బరిపొట్టు నింపితే, పైన పొడిగా కనిపిస్తున్నా గడ్డ లోపల తడి నిలిచిపోవచ్చు, లేదా గడ్డ బిగుసుకుపోయి పోసిన నీళ్లన్నీ పక్కలనుంచి జారిపోవచ్చు. అందుచేత నీళ్లు పోసేముందు గడ్డలోకే వేలు రెండంగుళాలు దించి చూడాలి. అనుమానం తీరకపోతే మొక్కను కుండీలోంచి తీసి వేరు పరీక్షించండి. గట్టిగా, తెల్లగా ఉంటే ఆరోగ్యమే. లాగగానే పైపొర ఊడి దారంలాంటి పోగు మిగిలితే అది వేరుకుళ్లు. కుళ్లినంత మేర తీసేసి, ఇసుక కలిపిన గుల్లమట్టితో, అడుగున రంధ్రాలున్న అదే పరిమాణపు కుండీలో తిరిగి నాటాలి. పెద్ద కుండీ ఇస్తే వేర్లు తాగలేనంత తడి మళ్లీ నిలుస్తుంది.

అపోహ: కుళాయి నీళ్లను రాత్రంతా నిలబెట్టి పోస్తే దోషం పోతుంది.

వాస్తవం: క్లోరిన్ కొంత పోతుంది, లవణాలూ ఫ్లోరైడూ పోవు. ఆకు కొనలు మాత్రమే గోధుమరంగులోకి మారుతున్నప్పుడు నేను మొదట అడిగేది నీళ్లు ఎక్కడివని. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్‌కు పేరుపడిన నల్గొండ వంటి ప్రాంతాల్లో బోరునీళ్లు ఈ మొక్కకు సరిపడవు. అన్నింటికంటే హానికరమైనది, పొదుపు పేరుతో ఆర్‌ఓ యంత్రం వదిలే వృథా నీటిని కుండీలో పోయడం. యంత్రం వడకట్టిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. వాననీటిని పట్టి వాడడం ఉత్తమం. వేర్లు బాగుంటే, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని నిదానంగా పోసి, అడుగునుంచి పూర్తిగా కారిపోనిస్తే పేరుకున్న లవణాలు చాలావరకు కొట్టుకుపోతాయి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి దాన్ని ఈ కుండీకి దూరంగా ఉంచండి.

అపోహ: పాడైన ఆకులన్నీ కోసేస్తే కొత్తవి త్వరగా వస్తాయి.

వాస్తవం: పొటాషియం చాలనప్పుడు మొక్క దాన్ని ముదురాకుల నుంచి లాగి లేత ఆకులకు పంపుతుంది. సగం పచ్చగా ఉన్న ఆకును కోస్తే ఆ నిల్వ పోయి, లోపం తర్వాతి ఆకుకు ఎక్కుతుంది. పూర్తిగా ఎండిన మట్టనే తీయండి. కొనలు కత్తిరించాలనుకుంటే పచ్చభాగానికి కత్తెర తగలనీయకండి. కాండం తల మాత్రం ఎన్నడూ నరకకూడదు. ఒక్కో కాండానికి కొత్త ఆకు పుట్టే మొవ్వు ఒకటే, అది పోతే కాండం కొమ్మలు వేయదు.

అపోహ: ఎరువు వేస్తే కోలుకుంటుంది.

వాస్తవం: దెబ్బతిన్న వేరుకు ఎరువు మరో ఉప్పు. కొత్త ఆకు విప్పుకునేదాకా ఆగండి.

అపోహ: రోజూ ఆకులపై నీళ్లు చిలకరిస్తే ఏసీ గదిలోనూ ఇబ్బంది ఉండదు.

వాస్తవం: ఆ తేమ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఏసీ గాలి సూటిగా తగలని చోటికి, కిటికీ వెలుతురు దగ్గరికి జరపడమే మేలు; నేరుగా మధ్యాహ్నపు ఎండలో పెడితే మాత్రం ఆకు కాలిపోతుంది. పొడిగాలిలో ఎర్రనల్లి అనే అతిచిన్న పురుగు చేరుతుంది. ఆకు కింద తెల్లకాగితం పట్టి ఆకును తట్టితే కదిలే చుక్కలు రాలుతాయి. అప్పుడు ఆకు అడుగుభాగాన్ని నీటిధారతో కడగండి.

మాడిన భాగం మళ్లీ పచ్చబడదు కనుక పాత ఆకులను చూసి ఫలితం తేల్చలేం. ఈటెలా ముడుచుకున్న మొవ్వాకుకూ దాన్ని ఆనుకున్న మట్టకూ కలిపి అడ్డంగా మార్కర్‌తో ఒక గీత గీయండి. కొన్ని వారాల్లో మొవ్వాకు మీది గీత పైకి జరిగితే మొక్క నిలబడినట్టే, చలికాలంలో కాస్త ఎక్కువ సమయం పట్టవచ్చు. మెల్లగా లాగగానే మొవ్వాకు చేతికి వచ్చేస్తే ఆ కాండంపై ఆశ వదులుకుని, పక్క పిలకలను చూసుకోండి.