వాల్వు డబ్బా తగువు: మలుపు 1978లోనే

సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోకు, అంటే సామాన్యులు మాట్లాడుకునే 27 మెగాహెర్ట్జ్ సెట్టుకు, శక్తి పెంచే పాత వాల్వు (గాజు గొట్టాల) యాంప్లిఫయర్ తగిలించుకోవచ్చా అన్న తగువు హైదరాబాద్ రేడియో ప్రియుల మధ్య మళ్లీ రాజుకుంది. సీబీ ఎలా పుట్టింది, లారీ డ్రైవర్లకు ఎలా దగ్గరైంది అన్నది తెలిసిన కథే. ఇవాళ్టి పేచీకి మూలం మాత్రం 1978లో ఉంది.

అప్పటికి అమెరికాలో కలర్ టీవీ వాల్వులు చవగ్గా దొరికేవి. నాలుగింటిని పక్కపక్కన బిగించి, 4 వాట్ల సెట్టును వందల వాట్లకు పెంచే డబ్బాలు అమ్ముకున్నారు. పక్కింటి టీవీలో గీతలు పడ్డాయి. 1978లో అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 24-35 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే యాంప్లిఫయర్ల తయారీ, అమ్మకాలపై వేటు వేసింది. ఆ వేటు హామ్‌లకూ, అంటే అమెచ్యూర్ రేడియో వారికీ, తగిలింది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవారు కొనే యాంప్లిఫయర్లలోనూ 28 మెగాహెర్ట్జ్ బ్యాండు మాయమైంది. 2006లో నిబంధన సడలించినా, సీబీ ఉన్న 26-28 మధ్య తలుపు మూసే ఉంచారు. ఇప్పుడు ‘వింటేజ్’ అని మురిసిపోయే డబ్బాల్లో చాలావాటి చరిత్ర ఇదీ.

జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు 1983 నుంచీ నెలవైన ఈ నగరంలో హామ్‌లు ఆ సంగతి మరచిపోలేదు. మన దేశంలో 2005 నిబంధనలు సీబీకి లైసెన్సు అక్కర్లేదన్నాయి, 5 వాట్ల లోపు అయితేనే. మొదటి సగం అందరికీ గుర్తుంది. ఇంకో భయం హార్మోనిక్స్‌ది. ఫిల్టరు సరిగా లేని డబ్బా అసలు తరంగంతో పాటు దాని రెట్లనూ వెదజల్లుతుంది. సీబీ ఆరో చానెల్ 27.025 మెగాహెర్ట్జ్, దానికి నాలుగు రెట్లు కచ్చితంగా 108.1. రన్‌వే మధ్యగీతను పైలట్‌కు చూపే లోకలైజర్ సంకేతాలు మొదలయ్యేది అక్కడే. శంషాబాద్ వైపు తిరిగిన యాంటెనా మీద హామ్‌లు మండిపడేది ఇందుకే.

యాంటెనా సెట్టుకు సరిగ్గా కుదరకపోయినా వాల్వు తట్టుకుంటుందని అవతలి పక్షం అంటుంది. నిజమే. కానీ 117 వోల్టుల ఆ అమెరికా డబ్బాకు ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఇంతా చేసి 4 వాట్లను 100 చేస్తే, వినేవారి సెట్టులో సంకేత బలం చూపే మీటరు ముల్లు కదిలేది రెండు ఎస్ యూనిట్లకు (ఆ మీటరు గీతలకు) కాస్త పైన.