ఎర్రనీళ్ళలో కెమిస్ట్రీ

కొత్త పెళ్ళికూతురు గడప దాటేముందు ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, కాస్త సున్నం వేస్తే చాలు, క్షణంలో ఎర్రబడతాయి. కెమిస్ట్రీ మొదలుపెట్టే పిల్లల చేత పీరియాడిక్ టేబుల్ బట్టీ పట్టించే ముందు ఈ పళ్ళెం ముందు కూర్చోబెట్టాలని నా అభిప్రాయం.

పసుపురంగులో తెలుపు కలిపితే లేత పసుపు రావాలి గానీ ఎరుపు ఎలా వస్తుంది? అంటే ఇక్కడ జరిగింది రంగులు కలవడం కాదు, పదార్థమే మారింది. మార్చింది సున్నమే. అయితే సున్నంలో కాల్షియం ఉంది, దానికి క్షార గుణమూ (అంటే నిమ్మరసం లాంటి ఆమ్లాలకి ఎదురు గుణం) ఉంది. ఈ పని ఏది చేసింది?

నాలుగు గిన్నెల్లో ఒకే పసుపు నీళ్ళు సమానంగా పోయండి. ఒకదాని జోలికి వెళ్ళొద్దు, మిగతావాటిని దానితోనే పోల్చుకోవాలి. రెండోదాంట్లో సున్నం, మూడోదాంట్లో చాకలి సోడా, నాలుగోదాంట్లో నిమ్మరసం వేయండి. (సున్నం కంట్లో పడితే ప్రమాదం, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.) సోడా గిన్నె కూడా ఎర్రబడుతుంది. సోడాలో ఉన్నది సోడియం, కాల్షియం కాదు. కాబట్టి కాల్షియం లేకపోయినా పని జరుగుతోంది, అనుమానం క్షారం మీదికి పోతుంది. నిమ్మరసం వేసింది పసుపుగానే ఉంటుంది. చొక్కా మీద కూర మరకకి సబ్బు రుద్దగానే ఎర్రబడేది కూడా ఇందుకే.

పసుపుకి ఆ రంగునిచ్చేది కర్క్యుమిన్. దాన్ని 1815లోనే వేరుచేశారు గానీ అణువు నిర్మాణం తేలడానికి 1910 దాకా పట్టింది. క్షారం ఈ అణువులోంచి ప్రోటాన్లను (హైడ్రోజన్ కేంద్రకాలను) లాగేస్తుంది. దాంతో అది పీల్చుకునే కాంతి మారిపోయి, మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. నిమ్మకాయ పిండితే ప్రోటాన్లు మళ్ళీ చేరి పసుపురంగు తిరిగొస్తుంది. ఇలాంటి పరీక్షనే శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ వయొలెట్ పూల పాకంతో చేసి 1664లో పుస్తకంలో రాశాడు. ఆమ్లం తగిలితే ఎరుపు, క్షారం తగిలితే ఆకుపచ్చ.

అసలు మజా ఇక్కడినుంచి. ఎర్రనీళ్ళను అలాగే వదిలేస్తే ఆ ఎరుపు నిలవదు, వెలిసిపోతూ వస్తుంది. ఎందుకు? గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నాన్ని కాల్షియం కార్బనేట్‌గా మార్చేసి క్షార గుణం తగ్గించిందా? లేక కర్క్యుమినే విరిగిపోయిందా? రెండూ నమ్మేలాగే ఉన్నాయి. వీటిని విడదీయడానికి మళ్ళీ చిటికెడు సున్నం చాలు. ఎరుపు తిరిగొస్తే రంగు పదార్థం ఇంకా ఉన్నట్టు, తగ్గింది క్షారమే. రాకపోతే కర్క్యుమిన్ పోయినట్టు.

ఒక చిక్కుంది. కర్క్యుమిన్ నీళ్ళలో సరిగా కరగదు కాబట్టి అడుగున పసుపు పేరుకుని ఉంటుంది. కొత్త సున్నం తగలగానే అది ఎర్రబడి మనల్ని మోసం చేస్తుంది. అందుకే ఎర్రనీళ్ళు కలిపిన కాసేపటికే పైన తేరిన నీళ్ళను మెల్లగా ఇంకో గ్లాసులోకి వంచుకుని, వాటితోనే పరీక్ష చేయాలి.

కర్క్యుమిన్ క్షారంలో నిలవదని ల్యాబుల్లో తేలింది. అది విరిగినప్పుడు వచ్చే ముక్కల్లో కొంచెం వెనిలిన్ కూడా ఉంటుంది, ఐస్‌క్రీమ్‌కి వెనిలా వాసననిచ్చేది అదే. అలాగని మొదటి ఊహని కొట్టిపారేయలేం. రెండు మార్పులూ ఒకేసారి జరుగుతుంటే మీ గ్లాసులో ఎరుపు కొంతే తిరిగొస్తుంది.