మందు అక్కర్లేని తుపాకీ

చిరంజీవులకు,

మందు కూరకుండా తుపాకీ పేలుతుందా అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. పేలుతుంది. తిరునాళ్లలో బెలూన్లు కొట్టే గాలి తుపాకీ సంగతి కాదు నేను చెప్పేది. సైన్యం వాడిన అసలైన రైఫిల్ ఒకటుంది. టిరోల్ కొండ ప్రాంతానికి చెందిన బార్తొలొమేయస్ గిరార్దోని అనే పనిమంతుడు దాన్ని తయారుచేశాడు. 1780లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది.

అంతకు నాలుగేళ్ల ముందే, 1776లో, మన గుత్తి కోట హైదరలీ చేతికి పోయింది. కోటలో నీళ్లు అయిపోయి, దాన్ని ఏలుతున్న మురారిరావు లొంగిపోయాడు. ఆ కాలపు తుపాకీలు చాలావరకు ఒకటే తంతు: గొట్టం మూతిలో మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. చేయి తిరిగిన సిపాయి నిమిషానికి మూడుసార్లు కాలిస్తే గొప్ప. పేలిందంటే పొగ, ఆ పొగను బట్టి మనిషి ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. వానొచ్చి మందు తడిసిందా, ఇక అంతే.

గిరార్దోని రైఫిల్‌లో మందూ లేదు, నిప్పూ లేదు. భుజానికి ఆనించే మడమ ఉంటుందే, అది చెక్క కాదు, ఇనుప రేకుతో చేసిన గాలి సిలిండర్. దాన్ని మర తిప్పి ఊడదీసి చేతిపంపుతో గాలి కొట్టాలి. ఎన్నిసార్లు అనుకున్నారు? దాదాపు 1500 సార్లు! లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 800 పౌన్ల దాకా పోయేది. మీ నాన్న కారు టైరులో 30, 35 ఉంటే ఎక్కువ.

గొట్టం పక్కనే ఇంకో సన్నటి గొట్టం, అందులో ఇరవైకి పైగా సీసపు గుండ్లు. తుపాకీ మూతి పైకెత్తి, అడ్డంగా ఉన్న చిన్న దిమ్మెను నొక్కితే దాని బొక్కలోకి ఒక గుండు దొర్లుతుంది. వేలు తీయగానే స్ప్రింగు దిమ్మెను తన చోటికి తోస్తుంది, గుండు సరిగ్గా గొట్టం వెనక నిలబడుతుంది. కొండమీద నుంచి కిందికి గురిపెట్టేవాడికి మాత్రం ప్రతిసారీ మూతి పైకెత్తడం తలనొప్పే.

పైన చెకుముకి తుపాకీకి ఉన్నట్టే సుత్తి ఉంటుంది, రాయి మాత్రం ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే లోపల ఒక పుల్ల కదిలి సిలిండర్ వాల్వును రెప్పపాటు తెరుస్తుంది. నాకు మొత్తంలో బాగా నచ్చింది ఈ వాల్వే. కాస్త ఎక్కువసేపు తెరుచుకుంటే గాలి వృథా, తక్కువైతే గుండుకు ఊపు చాలదు. కొలిచినట్టు వదలాలి. అలా ఒక సిలిండర్‌తో ముప్పై గుండ్ల దాకా పనికొచ్చేలా కాల్చవచ్చు, ఆ తర్వాత జోరు తగ్గిపోతుంది.

ఇంత బాగుంటే ఎందుకు పోయిందంటారా? గాలి కారకుండా పెట్టిన తోలు వాషర్లు ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండితే కారుడే. మన గుత్తి ఎండల్లో అయితే పూటకోసారి తడపాల్సి వచ్చేది! సిలిండర్ అతుకులు కూడా అంత ఒత్తిడికి తట్టుకోవాలి, అది మంచి పనివాళ్లకే చేతనయ్యే పని. చెడిపోతే మామూలు కమ్మరి బాగుచేయలేడు. 1815 నాటికి సైన్యం పక్కన పెట్టేసింది. ఇప్పుడు మిగిలినవి అతి తక్కువ, అందుకే సేకరించేవాళ్లు అంత ఆశపడతారు.

1803లో అమెరికా పడమటి దారి వెతకడానికి బయలుదేరిన మెరివెదర్ లూయిస్ దగ్గర ఇలాంటి గాలి రైఫిల్ ఒకటి ఉండేది. అది గిరార్దోని రకమేనని చాలామంది చరిత్రకారుల మాట. మొదటిరోజే పిట్స్‌బర్గ్ దగ్గర ఒక లంకలో చూపిస్తుంటే, ఇంకొకాయన చేతిలో పేలి, గుండు నలభై గజాల దూరంలో ఉన్న ఒకావిడ కణతను గీరుకుపోయింది. చనిపోయిందనే అనుకున్నారు, బతికింది. ఆ తర్వాత దారి పొడవునా స్థానిక తెగల ముందు కాల్చి చూపేవాళ్లు. చూసినవాళ్లు నోరు తెరిచారని డైరీల్లో రాసుకున్నారు. నింపడానికి 1500 సార్లు పంపు కొట్టాలని మాత్రం వాళ్లకు చెప్పి ఉండరులే.

మీ తాత,
గుత్తి