సోఫియాలో ఆ వారం: రష్యా కుర్రాళ్ళ హాకీ గొడవకి అసలు మూలం ఇక్కడుంది

రష్యా, బెలారస్ కుర్రాళ్ళ టీముల్ని మళ్ళీ ఆడనివ్వాలా వద్దా అనే రచ్చ మళ్ళీ రాజుకుంది. 2025 డిసెంబర్ 11న ఒలింపిక్ సమ్మిట్‌లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, అదే ఐఓసీ, వాళ్ళు, యూత్ లెవెల్ పోటీల్లో ఈ రెండు దేశాల పిల్లల మీద ఆంక్షలు ఎత్తెయ్యండి, జెండా జాతీయగీతం కూడా మామూలుగానే ఉండనివ్వండి అని అన్ని ఫెడరేషన్లకీ సలహా ఇచ్చారు కదా, అప్పట్నుంచి ఐస్ హాకీ చూసేవాళ్ళ మధ్య ఒకటే వాదన. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టడం, నాలుగు రోజులకే ఫిబ్రవరి 28న ఇంటర్నేషనల్ ఐస్ హాకీ ఫెడరేషన్, అదే ఐఐహెచ్‌ఎఫ్, ఈ రెండు దేశాల అన్ని వయసుల టీముల్నీ పక్కన పెట్టడం, ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి మళ్ళీ మొదట్నుంచీ తవ్వను. నా దృష్టిలో అసలు మలుపు రష్యాలోనూ లేదు, ఉక్రెయిన్‌లోనూ లేదు, 2024 జనవరిలో బల్గేరియా రాజధాని సోఫియాలో జరగాల్సిన ఒక చిన్న టోర్నమెంట్ దగ్గర ఉంది.

ఆ టోర్నమెంట్ పేరు అండర్-20 వరల్డ్ ఛాంపియన్‌షిప్ డివిజన్ 3 గ్రూప్ ఏ. పేరులో వరల్డ్ ఛాంపియన్‌షిప్ అని ఉంది గానీ డిసెంబర్ చివర్లో టీవీలో వచ్చే కెనడా, అమెరికా, స్వీడన్ మ్యాచ్‌లు వేరు, అది 10 టీముల టాప్ డివిజన్. దాని కింద డివిజన్ 1 రెండు గ్రూపులు, డివిజన్ 2 రెండు గ్రూపులు, ఆ తర్వాత అట్టడుగున డివిజన్ 3. ప్రతి గ్రూపులో గెలిచినవాళ్ళు ఒక మెట్టు పైకి, ఆఖర్న ఉన్నవాళ్ళు ఒక మెట్టు కిందకి. అడుగున ఆడే కుర్రాళ్ళు ప్రొఫెషనల్స్ కారు, కాలేజీలో చదువుకుంటూ ఆడేవాళ్ళే ఎక్కువ. కెనడాలోనో అమెరికాలోనో తెల్లారకముందే పిల్లాడి కిట్ బ్యాగ్ కార్లో వేసుకుని రింక్‌కి పరిగెత్తే మనవాళ్ళకి ఈ ఖర్చు, ఈ తిప్పలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

2024 జనవరి 22న సోఫియాలో మొదలవ్వాలి, ఇజ్రాయెల్ టీమ్ కూడా అందులో ఉంది. సరిగ్గా 12 రోజుల ముందు, జనవరి 10న, ఐఐహెచ్‌ఎఫ్ కౌన్సిల్ ఒక ప్రకటన చేసింది. రిస్క్ అసెస్‌మెంట్ చేశాం, మిగతా దేశాలతో మాట్లాడాం, ఇజ్రాయెల్ వాళ్ళతో కూడా మాట్లాడాం, అందరి భద్రతకీ హామీ ఇవ్వగలిగే దాకా ఇజ్రాయెల్ టీములు మా ఛాంపియన్‌షిప్పుల్లో ఆడకూడదు అని దాని సారాంశం. కౌన్సిల్ వైపు నుంచి చూస్తే అది మరీ అర్థంలేని మాట కూడా కాదు. గాజాలో యుద్ధం జరుగుతోంది, ఇజ్రాయెల్ ఆడే ప్రతి చోటా నిరసనలున్నాయి, అడుగు డివిజన్ రింకుల్లో సెక్యూరిటీ అంతంతమాత్రమే, పైగా బల్గేరియాలోనే 2012 జులైలో బుర్గాస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఇజ్రాయెలీ టూరిస్టుల బస్సుని పేల్చేస్తే ఐదుగురు టూరిస్టులు, ఆ బస్సు నడిపే బల్గేరియా డ్రైవర్ చనిపోయారు. భయపడటానికి కారణం లేదని ఎవరూ అనలేరు.

కానీ ఆ తర్వాత వారం రోజుల్లో ఏం జరిగిందో చూడండి. ఇజ్రాయెల్ ఫెడరేషన్ లౌసాన్‌లోని స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టుకి, అదే క్యాస్‌కి, అప్పీల్‌కి వెళ్ళింది. వాళ్ళ ఒలింపిక్ కమిటీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. అంతకంటే బరువైన మాట అమెరికా, కెనడాల పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ నుంచి వచ్చింది, ఈ నిర్ణయం మీద మాకు చాలా ఆందోళనగా ఉంది, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా వెనక్కి తీసుకోండి అని. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. ఇజ్రాయెల్‌లో ఐస్ హాకీకి పుట్టిల్లు లాంటిది మెటులా అనే ఊళ్ళోని కెనడా సెంటర్, ఆ ఊరు సరిగ్గా లెబనాన్ బోర్డర్ మీద ఉంటుంది, 2023 అక్టోబర్‌లో ఊరు ఊరంతా ఖాళీ చేయించేశారు. అంటే ఆ కుర్రాళ్ళకి అప్పటికే సొంత ఐస్ లేదు, ఆడటానికి వెళ్ళే చోటు కూడా లేదని ఇప్పుడు చెప్పారు.

జనవరి 17 వచ్చేసరికి కౌన్సిల్ మాట మార్చింది. బల్గేరియా ప్రభుత్వంతో, నిర్వాహకులతో మాట్లాడాం, భద్రత పెంచుతామన్నారు, కాబట్టి సోఫియాలో ఇజ్రాయెల్ ఆడొచ్చు అంది. మార్చిలో ఎస్తోనియాలో మహిళల టోర్నీ, ఏప్రిల్‌లో సెర్బియాలో మగవాళ్ళ టోర్నీ సంగతి మాత్రం తర్వాత చూద్దాం అని పెండింగ్‌లో పెట్టింది. పదో తారీఖున అసాధ్యమన్నది పదిహేడుకి సాధ్యమైపోయింది. మధ్యలో యుద్ధం ఏమీ ఆగలేదు, బుర్గాస్ చరిత్ర మారలేదు, మారిందల్లా కొంతమంది పోలీసులు ఎక్కువ రావడం, కౌన్సిల్ మీద ఒత్తిడి పెరగడం. ఇంతకీ ఆ రిస్క్ అసెస్‌మెంట్‌లో ఏముందో జనం ముందు పెట్టారా అంటే అదీ లేదు.

ఈ ఏడు రోజుల్లో బయటపడింది ఒకటే. ఎవరినైనా భద్రత పేరు మీద బయట పెడితే, ఆ భద్రత ఏర్పాటు చేసిన రోజున వాళ్ళని లోపలికి రానివ్వాలి. ఇంకో కారణం చెప్పి ఆపడానికి లేదు, ఎందుకంటే ఇంకో కారణం మీరు ఎప్పుడూ చెప్పలేదు.

మరి రష్యాని ఏ కారణం చెప్పి ఆపారు? అదే కారణం. దీనికోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి, 2022 కంటే కూడా వెనక్కి. 2021 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి బెలారస్ రాజధాని మిన్స్క్ ఒక ఆతిథ్య నగరం. 2020 ఎన్నికల తర్వాత లుకషెంకో ప్రభుత్వం నిరసనకారుల్ని ఎలా చితకబాదిందో ప్రపంచమంతా చూసింది, అయినా 2021 జనవరిలో అప్పటి ఐఐహెచ్‌ఎఫ్ ప్రెసిడెంట్ రెనె ఫాజెల్ మిన్స్క్ వెళ్ళి లుకషెంకోని కౌగిలించుకున్నాడు, ఆ ఫోటో అంతటా తిరిగింది. స్కోడా, నివియా, లిక్వి మోలీ లాంటి స్పాన్సర్లు మిన్స్క్‌లో పెడితే మేం రామని తెగేసి చెప్పాయి. జనవరి 18న టోర్నీని మిన్స్క్ నుంచి తీసేశారు. చెప్పిన కారణం భద్రత. ఒక నియంత పాలన తప్పు అని ఒక్క ముక్క అనాల్సిన అవసరం రాలేదు, పాము చావకుండా కర్ర విరగకుండా పని అయిపోయింది.

ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఫాజెల్ పదవి దిగిపోయి లుక్ టార్డిఫ్ ప్రెసిడెంట్ అయ్యాడు గానీ పద్ధతి మాత్రం అదే. 2022 ఫిబ్రవరి 28న బ్యాన్, నోవోసిబిర్స్క్, ఓమ్స్క్‌లో జరగాల్సిన 2023 అండర్-20 టోర్నీ కెనడాలో హాలిఫాక్స్, మాంక్టన్‌కి పోయింది, కోవిడ్ వల్ల ఆగి ఆగస్టులో మళ్ళీ పెట్టిన 2022 అండర్-20లో రష్యా స్థానంలో లాట్వియా వచ్చింది. రెండు దేశాలూ ఈ బ్యాన్ మీద అప్పీల్ చేసుకుంటే ఫెడరేషన్ తాలూకు బోర్డు ఏమని తేల్చిందంటే, ఇది శిక్ష కాదు, భద్రత కోసం తీసుకున్న పాలసీ మాత్రమే అని. అక్కడితో ఐఐహెచ్‌ఎఫ్ కేసు గెలిచింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అదే పాట, ఇంకా సురక్షితం కాదు, ఇంకో సీజన్ పొడిగిస్తున్నాం. 2023 మార్చిలో అదే, 2024లో అదే, 2025 ఫిబ్రవరిలో అదే.

కేసు గెలవడానికి బాగుంది గానీ దీనివల్ల ఉక్రెయిన్ వాళ్ళ అసలు వాదన రికార్డులోకే ఎక్కలేదు. వాళ్ళు ఎప్పుడూ మాకు రష్యా కుర్రాళ్ళంటే భయం, గ్యాలరీలో గొడవలవుతాయి అని అడగలేదు. వాళ్ళు చెప్పేది వేరే. దొనెత్స్క్‌లో ద్రుజ్బా అరీనా 2014 మేలోనే లూటీ అయి తగలబడింది. సెవెరోదొనెత్స్క్‌లో ఐస్ ప్యాలెస్ 2022లో నాశనమైంది. ద్రుజ్కివ్కాలో ఆల్టెయిర్ అనే రింక్ ఉండేది, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలంతా అక్కడే నేర్చుకునేవాళ్ళు, 2023 జనవరి 2న రష్యా మిసైల్ దెబ్బకి అది కూడా పోయింది. తూర్పు ఉక్రెయిన్‌లో హాకీ ఆడే ఎంతోమంది పిల్లలకి స్కేట్స్ కట్టుకునే చోటే లేకుండా పోయింది, చాలామంది పోలండ్‌కో చెకియాకో జర్మనీకో వెళ్ళి అక్కడి క్లబ్బుల్లో చేరారు. మా రింకులు కూల్చిన దేశం జెండాతో టీమ్ రాకూడదు అన్నది వాళ్ళ మాట. ఇది సెక్యూరిటీ గార్డులని పెంచితే తీరే సమస్య కాదు. కానీ ఐఐహెచ్‌ఎఫ్ ఫైళ్ళలో మాత్రం సెక్యూరిటీ సమస్యగానే ఉంది.

రష్యా వైపు వాదన సింపుల్: పిల్లలు ఏ యుద్ధమూ మొదలుపెట్టలేదు, ఇజ్రాయెల్ టీముకి వారంలో భద్రత దొరికినప్పుడు మాకు నాలుగేళ్ళలో ఎందుకు దొరకలేదు. సోఫియా జరగకపోయి ఉంటే రెండో సగానికి జవాబు చెప్పడం తేలికయ్యేది.

మిగతా ఆటల్లో కూడా ఇదే తంతు నడిచింది, వివరంగా వద్దు. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2023 సెప్టెంబర్‌లో రష్యా అండర్-17 ఫుట్‌బాల్ టీముల్ని తీసుకుంటామంది, చాలా దేశాలు మేం వాళ్ళతో ఆడం అనేసరికి అక్టోబర్‌లో చాప చుట్టేసింది. ఇండోనేషియాలో జరగాల్సిన 2023 అండర్-20 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇజ్రాయెల్ రాక మీద గొడవై అర్జెంటీనాకి పోయింది. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ ఏ దేశంలో పెట్టాలా అని దుబాయ్ దాకా వెళ్ళే మనకి ఇది కొత్తేమీ కాదు లెండి.

ఇప్పుడు అసలు చిక్కులకి వద్దాం, ఎందుకంటే రానిస్తాం అనడం తేలిక, ఎక్కడ ఆడిస్తారు అన్నది కష్టం. రష్యాని నేరుగా టాప్ డివిజన్‌లో పెడితే 10 టీముల్లో ఒకరు కిందకి దిగాలి, వాళ్ళు దిగితే డివిజన్ 1లో ఒకరు, అలా గొలుసుకట్టుగా అడుగు దాకా, అంటే ఏ పాపం తెలియని ఒక డివిజన్ 3 టీమ్ కూడా దీనికి మూల్యం కట్టాలి. పోనీ అందరిలాగే కింద నుంచి మొదలుపెట్టండి అంటే అది ఇంకా ఘోరం. ఈ ఆటలో తేడా ఎక్కువైతే స్కోర్లు ఎలా ఉంటాయంటే, 1998లో ఆసియా ఓషియానియా అండర్-18లో దక్షిణ కొరియా థాయ్‌లాండ్‌ని 92-0తో కొట్టింది, 2008లో ఒలింపిక్ క్వాలిఫయింగ్‌లో స్లొవాకియా అమ్మాయిలు బల్గేరియాని 82-0. అరవై నిమిషాల ఆటలో అన్ని గోల్స్ అంటే నిమిషానికొకటి కంటే ఎక్కువ, ఆ గోల్‌కీపర్ పరిస్థితి ఊహించుకోండి. అందుకని అడుగు నుంచి మొదలుపెట్టడం న్యాయంగా కనిపిస్తుంది గానీ శిక్ష పడేది రష్యాకి కాదు, ఎదురుగా నిలబడ్డ పిల్లలకి.

రెండోది వయసు. యూత్ పోటీ అంటే ఏంటో ఏ ఆటకి ఆ ఆట ఫెడరేషనే చూసుకోవాలని ఐఓసీ వాళ్ళు వదిలేశారు. అండర్-18 అంటే ఎవరూ కాదనరు. అండర్-20 సంగతి? ఆ టీముల్లో ఎక్కువమంది 18, 19 ఏళ్ళవాళ్ళు, రష్యాలోనూ ఇజ్రాయెల్‌లోనూ సైన్యంలోకి పిలిచే వయసు. ఉక్రెయిన్‌లో అయితే 18 నిండిన కుర్రాడు టోర్నమెంట్ కోసం దేశం దాటాలన్నా ప్రభుత్వ అనుమతి కాగితం చేతిలో ఉండాల్సి వచ్చేది, 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకి ఆ రూలు సడలించింది 2025 ఆగస్టులోనే. అంటే మూడేళ్ళకి పైగా ఉక్రెయిన్ అండర్-20 కుర్రాళ్ళు అలా పర్మిషన్లు తెచ్చుకుని వెళ్ళి ఆడారు.

మూడోది జాతీయగీతం. టీవీలో ఐఐహెచ్‌ఎఫ్ మ్యాచ్ చూసినవాళ్ళకి తెలుసు, టాప్ డివిజన్ అయినా డివిజన్ 3 అయినా పద్ధతి ఒకటే: ఆట అయిపోయిన సైరన్ మోగాక రెండు టీములూ వెళ్ళి ఐస్ మీద గీసిన చెరో నీలం గీత (బ్లూ లైన్) మీద హెల్మెట్లు తీసి నిలబడతాయి, గెలిచినవాళ్ళ జెండా పైకి వెళ్తుంది, వాళ్ళ గీతం మోగుతుంది, అది అయిపోయే దాకా ఓడినవాళ్ళు కదలకూడదు, తర్వాత వరసగా చేతులు కలపాలి. ఐఓసీ సలహాని ఉన్నదున్నట్టు పాటిస్తే, పదిహేడేళ్ళ ఉక్రెయిన్ కుర్రాడు రష్యా చేతిలో ఓడిన రోజు ఈ తతంగమంతా చెయ్యాలి. చెయ్యనని వెళ్ళిపోతే ఎవరి మీద చర్య తీసుకుంటారో కౌన్సిల్ ఇప్పుడే చెబితే బాగుంటుంది, సోఫియాలో లాగా టోర్నమెంట్‌కి పన్నెండు రోజుల ముందు కాకుండా.