అంగుళం బిళ్ళ, ఇరవై ఏళ్ళ గడువు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన అమ్మానాన్నల ఆల్బమ్‌లో ఒక ఫోటో తరచూ కనిపిస్తుంది. వెనక వెండి రంగులో మెరిసే పెద్ద గోళం. ముందు ఎండకు కళ్ళు చికిలించిన నాన్న, చీర మీదకి స్పోర్ట్స్ షూ వేసుకున్న అమ్మ. ఫ్లోరిడాలో ఓర్లాండో పక్కనున్న డిస్నీ వరల్డ్‌లో, ఎప్కాట్ పార్కు గుమ్మం దగ్గర తీసిన ఫోటో అది. 1999కీ 2019కీ మధ్య తీసిందైతే ఆ గోళానికి ముందు ఎత్తుపల్లాలుగా నిలబెట్టిన గ్రానైట్ రాళ్ళు కూడా పడి ఉంటాయి. చాలామంది వాటిని అలంకరణ అనుకుని దాటిపోయారు.

దగ్గరికెళ్ళి చూస్తే ఆ రాళ్ళ నిండా ముఖాలు. అంగుళం పొడవు, అంగుళం వెడల్పున్న స్టీలు బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒకరిదో ఇద్దరిదో ఫోటో చెక్కి ఉండేది. అమెరికా వీసాకి మనం ఇచ్చే ఫోటో ఉంటుంది చూడండి, దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, ఈ బిళ్ళ అంత. తెలుపు నలుపుల్లో, వేలి గోరంత ముఖం. కొనుక్కున్నవాళ్ళు ఏ రాయి, ఏ వరస అని లెక్కపెట్టుకుంటూ వెతికి, దొరకగానే దాని మీద వేలు పెట్టి మళ్ళీ ఫోటో దిగేవాళ్ళు. ఇలాంటి బిళ్ళలు ఐదున్నర లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

వాటిని గుమ్మంలోంచి తీసేస్తున్నామని డిస్నీ 2019లో ప్రకటించినప్పుడు రెండు రకాల మాటలు వినిపించాయి. "ఇన్నాళ్ళకి ఆ సమాధి రాళ్ళ పీడ వదిలింది" అన్నవాళ్ళు కొందరు. "అందులో మా అమ్మ ఉంది" అన్నవాళ్ళు కొందరు. వాళ్ళు మాట్లాడుతున్నది ఒకే రాళ్ళ గురించి. అంత తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

డబ్బు కట్టి పేరు చెక్కించుకోవడం డిస్నీ కనిపెట్టిన విద్యేం కాదు. మనకైతే అసలు కొత్తే కాదు. గుడిలో ట్యూబ్ లైటు మీద దాత పేరు, దాత తండ్రి పేరు, ఊరి పేరు రాసి రాసి చివరికి వెలుతురు రావడానికి సందు లేకుండా చేయడం మన పాత జోకే. అమెరికాలో ఈ పద్ధతి 1980ల్లో ఊపందుకుంది. ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం నడిబొడ్డున 1984లో తెరిచిన పయొనీర్ కోర్ట్‌హౌస్ స్క్వేర్‌లో నేలంతా జనం పేర్లున్న ఇటుకలే, పేరు చెక్కినందుకు డబ్బు కట్టింది ఆ జనమే. న్యూయార్క్‌లో ఒకప్పుడు వలసవాళ్ళు ఓడ దిగిన ఎల్లిస్ ఐలాండ్‌లో 1990 నుంచి ఒక గోడ ఉంది. డబ్బు కట్టి తమ కుటుంబం పేరు అక్కడ చెక్కించుకోవచ్చు. ఇప్పుడు దాని మీద ఏడు లక్షలకు పైగా పేర్లున్నాయి. ఈ రెండు చోట్లా డబ్బు అడిగింది ఒక ఊరి కోసమో, ఒక చరిత్ర కోసమో. థీమ్ పార్కు అలా కాదు, అది వ్యాపారం. 1990ల మధ్యలో డిస్నీ కూడా ఈ దారి పట్టింది. డిస్నీ వరల్డ్‌లోనే ఉన్న మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు ముందు నడిచే దారిలో ఆరు పలకల ఇటుకల మీద పేర్లు చెక్కి అమ్మింది. ఆ ఇటుకల కథ చివర్లో మళ్ళీ వస్తుంది.

ఎప్కాట్ సంగతి వేరు. వాల్ట్ డిస్నీ బతికుండగా కలగన్న ఎప్కాట్ అసలు పార్కే కాదు, జనం నిజంగా కాపురం ఉండే రేపటి నగరం. ఆయన 1966లో పోయారు. కంపెనీ నగరం ఆలోచన పక్కనపెట్టి, 1982 అక్టోబరు 1న అదే పేరుతో పార్కు తెరిచింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోలాగా కోట ఉండదు ఇక్కడ. 'స్పేస్‌షిప్ ఎర్త్' అనే 180 అడుగుల గోళం, దాని ముందు ఫౌంటెన్, ఫౌంటెన్ మధ్య గాజులా మెరిసే మూడు పలకలు, చుట్టూ పచ్చదనం. లోపలికి వచ్చినవాడి చూపు తిన్నగా గోళం మీదే పడాలి, మధ్యలో ఏదీ అడ్డం రాకూడదు. అసలు ప్లాను అదీ.

1999 వచ్చింది. ప్రపంచమంతా కొత్త సహస్రాబ్ది హడావిడి. మన హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి కుర్రాళ్ళు వైటూకే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తికమక సరిచేసే పని) పుణ్యమా అని విమానం ఎక్కుతున్న రోజులవి. ఎప్కాట్‌లో అక్టోబరు 1న మొదలైన మిలీనియం సంబరాలు 15 నెలలు నడిచాయి. వాటితో పాటే 'లీవ్ ఎ లెగసీ' వచ్చింది. మీ గుర్తు వదిలి వెళ్ళండి అని దాని పిలుపు. ఒకరి ఫోటోకి 35 డాలర్లు, ఇద్దరికి 38. అప్పటి రేటులో 35 డాలర్లంటే మన డబ్బుల్లో ఒకటిన్నర వేలు. అప్పుడే ఉద్యోగంలో చేరి ఇంటికి పంపే ప్రతి డాలరునూ 43తో గుణించుకునేవాడికి చిన్న ఖర్చేం కాదు.

రాళ్ళ రూపకర్త జాన్ హెంచ్. 1939లో డిస్నీలో చేరి, 2004లో చనిపోయేదాకా అక్కడే పనిచేసిన మనిషి. ఎప్కాట్ రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది. పాత ఫౌంటెన్ పలకలు తీసేసి, ఆ ఆవరణలో మూడడుగుల నుంచి 19 అడుగుల ఎత్తుదాకా గ్రానైట్ రాళ్ళు నిలబెట్టారు. కొన్ని రాళ్ళ బరువు ఒక్కొక్కటీ 22 టన్నుల పైమాటే. పార్కు పుట్టినప్పుడు చూపుకి అడ్డం ఉండకూడదనుకున్న చోట, ఆ పార్కును గీసినవాళ్ళలో ఒకరి చేతే అడ్డం పెట్టించారన్నమాట. నాకు ఈ కథలో అన్నిటికన్నా వింతగా అనిపించేది ఇదే.

ఇక కాగితం మాట. కొన్నవాళ్ళు ఆ బిళ్ళకి యజమానులు కారు. దాన్ని కనీసం 20 ఏళ్ళు ప్రదర్శనలో ఉంచుతామన్నది కంపెనీ ఇచ్చిన హామీ. ప్రకటన బోర్డు మీద 'లెగసీ' అన్న మాట పెద్ద అక్షరాల్లో, 20 ఏళ్ళన్న మాట చిన్న అక్షరాల్లో. సెలవులకొచ్చి, చేతిలో ఐస్‌క్రీమ్ కరిగిపోతుంటే, చంకలో పిల్లాడు ఏడుస్తుంటే, ఆ చిన్న అక్షరాలు చదివేదెవరు? జనం కొనుక్కున్నది 'శాశ్వతం' అనుకునే కొనుక్కున్నారు. పైగా గ్రానైట్ రాయి చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

సంబరాలు 2001 జనవరి 1తో ముగిశాయి, అమ్మకాలు మాత్రం ముగియలేదు. గోళం పక్కనే మంత్రదండం పట్టుకున్న పెద్ద మిక్కీ చెయ్యి ఒకటి కట్టారు, అదీ ఉండిపోయింది. మామూలుగా అయితే పెళ్ళైన మర్నాడు పందిరి విప్పేస్తాం. ఇక్కడ పందిరి ఆరేళ్ళకు పైగా అలాగే ఉంది. చివరికి 2007లో, పార్కుకి పాతికేళ్ళు నిండే వేళకి, మిక్కీ చేతిని తీసేశారు. బిళ్ళల అమ్మకం కూడా ఆ ఏడాది జూన్‌లోనే ఆగింది. అప్పటికి రాళ్ళ మీద చోటు ఇంకా మిగిలే ఉంది. బోడిగా మిగిలిన ఆ భాగాలు అలాగే పన్నెండేళ్ళు ఎండకు ఎండాయి. అమ్మిన బిళ్ళల్ని తక్కువలో తక్కువ ధరకి లెక్కేసినా దాదాపు రెండు కోట్ల డాలర్లు వచ్చి ఉంటాయి.

ఎప్కాట్ అభిమానుల్లో చాలామందికి ఈ రాళ్ళంటే మొదటినుంచీ పడదు. శ్మశానంలా ఉందన్నది వాళ్ళ గట్టి ఫిర్యాదు. అది ఉత్త వెటకారం కాదు. నిలువు రాయి, దాని మీద ముఖం, పక్కన ఇంకో నిలువు రాయి. అమెరికా వాళ్ళకి ఆ రూపం ఎక్కడ కనిపిస్తుందో అందరికీ తెలుసు. రేపటి గురించి చెప్పాల్సిన పార్కు గుమ్మంలోనే నిన్నటి ముఖాలు వరస కట్టి నిలబడ్డాయని వాళ్ళ బాధ.

వెటకారంగా మొదలైన ఆ మాట కాలం గడిచేకొద్దీ నిజమైపోయింది. 1999లో తాతయ్య మనవడితో సరదాగా దిగిన ఫోటో అది. 2010 నాటికి తాతయ్య లేడు. మనవడు పెద్దయ్యాడు, తన పిల్లల్ని తీసుకొచ్చి ఆ రాయి ముందు నిలబెట్టి "ఈయనే మీ ముత్తాత" అని చూపిస్తున్నాడు. ఎవరూ స్మారకం కడదామని మొదలుపెట్టలేదు. అమ్మింది సరదా వస్తువు, టోపీలాగా, కీ చైన్‌లాగా. అందులో ఉన్న మనుషులు ఒక్కొక్కరే పోతూ వస్తే అది దానంతట అదే స్మారకమైంది. 'తీసేయాలా వద్దా' అనే గొడవంతా ఈ మార్పులోనే ఉందని నాకనిపిస్తుంది. కంపెనీ తన పుస్తకాల్లో దాన్ని ఇంకా 1999 నాటి సరుకుగానే రాసుకుంది. కొన్నవాళ్ళ ఇంట్లో అది దేవుడి గూట్లోకి చేరిపోయింది.

పార్కులతో జనానికి ఈ బంధం ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. చనిపోయినవాళ్ళ చితాభస్మాన్ని సంచుల్లో, మాత్రల సీసాల్లో దాచి తెచ్చి డిస్నీ పార్కుల్లో గుట్టుగా చల్లుతున్నారని, దాన్ని ఊడ్చడానికి సిబ్బందికి ఒక రహస్య సంకేతం కూడా ఉందని 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఎక్కువగా చల్లేది దయ్యాల మేడ రైడ్ దగ్గరట. అది నిషిద్ధమని, చట్టవిరుద్ధమని కంపెనీ చెప్పింది. గోదావరికి వెళ్ళాల్సింది రైడ్‌కి వెళ్ళిందా అని మనం నోరు వెళ్ళబెట్టొచ్చు. కానీ అమెరికాలో ఊళ్ళు మారుతూ, ఇళ్ళు అమ్ముకుంటూ బతికే కుటుంబానికి, ముప్ఫై ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళిన ఒకే ఒక్క చోటు ఆ పార్కే అయి ఉండొచ్చు.

2017లో ఎప్కాట్‌ను మొత్తంగా తిరగరాసే పథకం బయటికొచ్చింది. 2019 ఫిబ్రవరిలో గుమ్మం కొత్త బొమ్మ విడుదల చేశారు. మళ్ళీ ఫౌంటెన్, మళ్ళీ గాజులాంటి పలకలు, మళ్ళీ పచ్చదనం. 1982కి తిరిగి వెళ్ళడమే. మరి బిళ్ళలు? ఆ ఫోటోలను పార్కు గేటుకి బయట కొత్త చోట పెడతామన్నారు. 1999కి ఇరవై కలిపితే సరిగ్గా 2019. గడువు లెక్క కంపెనీ మర్చిపోలేదు. ఆ ఏడాదే రాళ్ళు కూల్చే పని మొదలైంది. 2020లో కోవిడ్ వల్ల పార్కు నాలుగు నెలలు మూతబడింది. 2021 తొలి నెలలకల్లా ఫౌంటెన్ నీళ్ళు ఎగిశాయి. గేటు బయట, రంగురంగుల లోహపు పలకల మీద, పాత ముఖాలు మళ్ళీ కనిపించాయి.

మ్యాజిక్ కింగ్‌డమ్ ఇటుకలకి ఇంత యోగం పట్టలేదు. అక్కడ కూడా 2019 నుంచే దారి వెడల్పు చేస్తూ ఇటుకలు పెకలించేశారు. వాటికి వేరే చోటు చూపించలేదు, కొన్నవాళ్ళు అడిగితే జ్ఞాపికగా నమూనా ఇటుక ఇస్తామన్నారంతే. ఇల్లు మారినవాళ్ళకి, కొన్న మనిషి పోయిన ఇళ్ళకి ఆ కబురు చేరిందో లేదో. ఇటుక మీద ఉన్నది పేరు, బిళ్ళ మీద ఉన్నది ముఖం. పేరున్న ఇటుకను పెకలించినంత తేలిగ్గా ముఖాన్ని చెత్తలో వేయలేరు. నాకు తోచిన కారణం ఇది. వాళ్ళు చెప్పింది మాత్రం కాదు.

నన్నడిగితే రాళ్ళు తీసేయడం తప్పు కాదు. అందరూ నడిచే గుమ్మం అది, ఐదున్నర లక్షల మంది 35 డాలర్లకి దాన్ని ఎప్పటికీ కొనేసుకోలేరు. కానీ ముఖాలను గేటు బయటికి మార్చడాన్ని కంపెనీ పెద్దమనసుగా చెప్పుకోవడం మాత్రం ఒప్పను. 'లెగసీ' అని పేరు పెట్టి అమ్మినవాడి మీద ఆ మాత్రం బాకీ ఉంటుంది. ఆ లెక్కన ఇటుకల బాకీ ఇంకా తీరలేదు.

మా ఊరి గుడి బాగుచేసినప్పుడు మంటపంలో పరిచిన పాత నాపరాళ్ళు తీసేసి గ్రానైట్ వేశారు. ఒక రాయి మీద మా తాతయ్య పేరుండేది, 116 రూపాయల దాత. చిన్నప్పుడు ఆ రాయి తొక్కకుండా నానమ్మ మమ్మల్ని చెయ్యి పట్టుకుని పక్కనుంచి నడిపించేది. ఇప్పుడది వంటశాల వెనక కుళాయి కింద ఉంది, ప్రసాదం గిన్నెలు దాని మీదే తోముతారు. పేరులో మొదటి రెండు అక్షరాలు అరిగిపోయాయి. కొత్త గ్రానైట్ మీద చోటు కావాలంటే పదివేల నూటపదహార్లు అన్నారు. ఎన్నేళ్ళు ఉంచుతారని అడిగాను. కమిటీ పెద్దాయన నా వంక వింతగా చూసి, "గుళ్ళో రాయికి ఏళ్ళేంటి బాబూ" అన్నాడు.